కీబోర్డ్ లేదంటది, మళ్ళీ ఎఫ్1 నొక్కమంటది. పొద్దున మొదటిసారి ఆన్ చేస్తేనే ఈ గోల

కావలి_జిరాక్స్
షాపులో అసెంబుల్డ్ సిస్టం. హెచ్81 మదర్‌బోర్డు, నాలుగో జనరేషన్ ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10, మామూలు యూఎస్‌బీ కీబోర్డ్. రెండు వారాల నుంచి పొద్దున షట్టర్ తీసి ఆన్ చెయ్యగానే నల్ల స్క్రీన్ మీద ఏదో కీబోర్డ్ ఎర్రర్, కింద ఎఫ్1 నొక్కమని. నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పవర్ బటన్ పట్టుకుని ఆపి మళ్ళీ వేస్తే రెండోసారికో మూడోసారికో ఎఫ్1 తీసుకుంటది. విండోస్‌లోకి పోయాక రాత్రి దాకా ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో రీస్టార్ట్ కొట్టినా రాదు. వేరే కీబోర్డ్ పెట్టి చూశా, అదే కథ. కీబోర్డ్ లేదంటూనే కీ నొక్కమనే తెలివి ఎవరిదో గానీ, కౌంటర్ ముందు జనం నిలబడుంటే తల తిరిగిపోతాంది.

ఒంగోలు_గిత్త
రెండు కీబోర్డులకీ అదే అంటే తప్పు కీబోర్డ్‌ది కాదు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ తీసెయ్. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, ఎడమ పక్కన పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే లింకు ఉంటది. అందులో పైన ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు’ నొక్కితే కింద టిక్కులు తెరుచుకుంటాయి. ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసి సేవ్ చెయ్యి.

ట్రంకురోడ్డు_రిపేరు
గిత్తా, ఆగు. ఆయన చెప్పే నల్ల స్క్రీన్ విండోస్ రాకముందుది. ఇంకా లోడే కాని విండోస్‌లో టిక్ తీస్తే ఒరిగేదేముంది?

కీబోర్డ్ ఆన్ అయినప్పటి నుంచి లాగిన్ దాకా మూడు చేతులు మారుతుంది. ముందు బయాస్ చేతిలో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం చేతిలో ఉంటది. తర్వాత బూట్ మెనూ, దానికి సొంత డ్రైవర్ ఉండదు, బయాస్‌నే అడుక్కుంటది. ఆ తర్వాత విండోస్ తన డ్రైవర్ వేసుకుని మొత్తం తనే తీసుకుంటది. ఏ చేతిలో ఉన్నప్పుడు చచ్చిందో తేలకుండా మందు చెప్పకూడదు.

కావలి అబ్బాయ్, వీటికి జవాబు చెప్పు:
ఆ స్క్రీన్ మీద అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఏమని ఉన్నాయి? ఫోన్‌లో ఫొటో తియ్యి, గుర్తున్నంత మేర చెప్పొద్దు.
ఆన్ చెయ్యగానే కీబోర్డ్ లైట్లు ఒకసారి మెరుస్తున్నాయా?
కీబోర్డ్ వైరు ఎక్కడ గుచ్చావు, వెనకా, ముందా, హబ్‌కా (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా)?
రాత్రి షాపు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపుతావా?

ఉలవపాడు_సపోటా
నాలుగో ప్రశ్నకీ కీబోర్డ్‌కీ ఏం సంబంధం అన్నా? కరెంటు బిల్లు కూడా అడిగేట్టున్నావు

ట్రంకురోడ్డు_రిపేరు
ఉంది, వచ్చాక చెప్తా.

పొదిలి_పాతసామాను
ఎఫ్1 జోకు సంగతి. బయాస్ పరీక్షల్లో ఏ తప్పు దొరికినా చివర్లో పిలిచే రొటీన్ ఒకటే: ఆపు, ఎఫ్1 అడుగు. ఫ్యాన్ తిరక్కపోయినా అదే, తేదీ పోయినా అదే, కీబోర్డ్ లేకపోయినా అదే. కీబోర్డ్ తగిలించి నొక్కు అని దాని భావం. ఇది వద్దనుకుంటే పాత అవార్డ్ కంపెనీ బయాస్‌లో ‘హాల్ట్ ఆన్’ అని ఉంటది, దాన్ని ‘ఆల్, బట్ కీబోర్డ్’ చేస్తే కీబోర్డ్ లేకున్నా ఆగకుండా పోతది. ఏఎంఐ కంపెనీ బయాస్‌లో ‘వెయిట్ ఫర్ ఎఫ్1 ఇఫ్ ఎర్రర్’ డిసేబుల్ చెయ్యాలి. సీసీ కెమెరాల కోసం కీబోర్డ్ లేకుండా పెట్టే పీసీలకి ఇది తప్పనిసరి, లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎఫ్1 దగ్గర కూర్చుంటది.

ఒంగోలు_గిత్త
సరే, విండోస్ రాకముందుదే అనుకుందాం. మరి బయాస్‌లో కూడా ఫాస్ట్ బూట్ ఉంటది గదా. అది ఆన్‌లో ఉంటే యూఎస్‌బీని అసలు లేపదు.

ట్రంకురోడ్డు_రిపేరు
అది కరెక్టు పాయింటే, ఇది వేరే ఫాస్ట్. పేర్లు ఒకటే కావడంతో అందరూ కలిపేస్తారు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ అంటే షట్‌డౌన్ చేసినా కెర్నల్‌ని, అంటే విండోస్ గుండెకాయని, హైబర్నేట్ ఫైల్లో దాచి పెట్టుకోవడం. దానివల్ల కీబోర్డ్ పోతే లాగిన్ స్క్రీన్ దగ్గర పోతది, రీస్టార్ట్ చేస్తే బాగుపడతది, ఎందుకంటే రీస్టార్ట్‌లో ఆ ఫైల్ వాడదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా పూర్తిగా ఆగుతుంది, పరీక్షకి అది చాలు.

బయాస్ ఫాస్ట్ బూట్ అంటే బోర్డు తన పరీక్షల్లో కొన్ని ఎగ్గొట్టడం. ‘అల్ట్రా ఫాస్ట్’ పెడితే విండోస్ వచ్చేదాకా యూఎస్‌బీ లేవదు, డెల్ కీ ఎంత బాదినా బయాస్ లోపలికి పోలేవు. అప్పుడు విండోస్ నుంచే పోవాలి: సెట్టింగ్స్‌లో రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్, రీస్టార్ట్ నౌ, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అన్నీ మౌస్‌తోనే అవుతాయి.

కానీ కావలి కేసులో రెండోసారికి ఎఫ్1 తీసుకుంటాంది. ఫాస్ట్ బూట్ అయితే ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

మైపాడు_అల
ఆ అడ్వాన్స్‌డ్ స్టార్టప్ స్క్రీన్‌లో ఒక గుంట ఉంది. 2025 అక్టోబరు 14న వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ తర్వాత విండోస్ 11 24హెచ్2, 25హెచ్2ల్లో ఆ రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ రెండూ పనిచెయ్యలేదు. విండోస్‌లో మాత్రం బాగానే ఉండేవి. అక్టోబరు 20న కేబీ5070773 ఇచ్చి సరిచేశారు. ఆ నెలలో అప్‌డేట్లు ఆపేసి అట్టే వదిలేసిన సిస్టమ్‌లు ఇప్పటికీ తగులుతున్నాయి. కావలి ఆయనది విండోస్ 10 కాబట్టి ఆయనకి సంబంధం లేదు, చదివేవాళ్ళ కోసం చెప్తుండా.

చీమకుర్తి_గెలాక్సీ
కీబోర్డ్ మీద ఏదైనా బరువుందేమో చూశారా? జిరాక్స్ షాపుల్లో పేపర్ కట్టలు కీబోర్డ్ మీదే పెడతారు. ఆన్ అయ్యేటప్పుడు ఒక్క కీ నొక్కి ఉన్నా బయాస్ ‘స్టక్ కీ’ అని ఆగుతుంది. పాత బ్రాండెడ్ డెస్క్‌టాపుల్లో 301 నంబరు వస్తది, అదీ కీబోర్డ్ ఎర్రరే. ఇక్కడ గ్రానైట్ పొడి కీల కిందకి పోయి బిగుసుకుంటది. దిగిపోయి పైకి రాని కీ ఉంటే చాలు. తిరగేసి దులిపి, కీ క్యాప్ లాగి, బ్రష్ కొట్టాలి. నోటితో ఊదకండి, ఉమ్ము తడి తగిలితే పొడి బంక అయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటది.

ఉలవపాడు_సపోటా
మాకు పొడి కాదు, ఉప్పు గాలి. యూఎస్‌బీ మూతి పచ్చగా చిలుము పడతది

పొదిలి_పాతసామాను
చిలుము పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 99 శాతంది, పాత టూత్ బ్రష్, అంతే. కరెంటు తీసేసి చెయ్యాలి, ఆరడానికి పది నిమిషాలు ఇవ్వాలి. శానిటైజర్ పొయ్యకండి, అందులో నీళ్ళూ జిగురూ ఉంటాయి.

కావలి_జిరాక్స్
ఇప్పుడే చూశా, చాలా పోస్టులొచ్చినయ్. రేపు పొద్దున ఫొటో తీసి పెడతా. మిగతావి:
లైట్లు మొదటిసారి మెరవ్వు, రెండోసారి మెరుస్తాయి.
కీబోర్డ్, మౌస్, వేలిముద్ర మెషిన్, స్కానర్ నాలుగూ ఒక హబ్‌కి ఉన్నాయి. హబ్ ముందు వైపు నీలం పోర్టులో.
మెయిన్ రోజూ ఆపుతా.
కీబోర్డ్ మీద పేపర్లు పెట్టను, టీ గ్లాసు పెడతా.

ట్రంకురోడ్డు_రిపేరు
హబ్ అని మొదటి పోస్టులోనే చెప్పుంటే సగం గొడవ తప్పేది. నా లెక్క ప్రకారం నీకు రెండు జబ్బులు ఉన్నాయి, ఒకటి అనుకుంటున్నావు. ఫొటో వచ్చేదాకా ఒకటే అడుగుతా: పొద్దున్నే బ్రౌజర్ తెరిస్తే సైట్లు సురక్షితం కాదనో, గడియారం వెనక ఉందనో ఏమన్నా వస్తాందా?

కావలి_జిరాక్స్
అవును! రోజూ పొద్దున ఒక పది నిమిషాలు ఏ పోర్టలూ తెరుచుకోదు, ఎర్ర గుర్తు వస్తది. తర్వాత దానంతటదే పోతది. నెట్ స్లో అనుకుని కేబులాయన్ని తిడతన్నా.

ఒంగోలు_గిత్త
కేబులాయనకి సారీ చెప్పు ముందు 😀 బ్యాటరీ

పొదిలి_పాతసామాను
బోర్డు మీద బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032. సందేహం లేదు.

కావలి_జిరాక్స్
ఫొటో అప్‌లోడ్ కావట్లేదు, చూసి రాస్తుండా. ‘సీమాస్ చెక్‌సమ్ బ్యాడ్’, దాని కింద ‘డేట్ అండ్ టైమ్ నాట్ సెట్’, దాని కింద ఎఫ్1 నొక్కితే సెటప్ అని. కీబోర్డ్ అన్న మాటే లేదు. ఎఫ్1 పనిచెయ్యడం లేదని నేనే కీబోర్డ్ ఎర్రర్ అనుకున్నట్టున్నా.

ట్రంకురోడ్డు_రిపేరు
అందుకే అబ్బాయ్ ఉన్నవి ఉన్నట్టు అడిగింది. ఇప్పుడు విను.

మొదటి జబ్బు: బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సిస్టం ఆపేసి ఉన్నా, ఎస్ఎంపీఎస్ (లోపలి కరెంటు డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై వస్తా ఉంటది, గడియారం దాని మీద నడుస్తది. నువ్వు మెయిన్ ఆపితే రాత్రంతా బ్యాటరీ ఒక్కటే మొయ్యాలి. అది మొయ్యలేక తేదీ, బయాస్ సెట్టింగులు (అవి ఉండే చోటే నీ స్క్రీన్ మీది సీమాస్) పోగొట్టుకుని పొద్దున ఆగి ఎఫ్1 అడుగుతాంది. పగలు రీస్టార్ట్‌లో రాకపోవడానికి కారణం అదే. సపోటా, నాలుగో ప్రశ్న ఎందుకడిగానో అర్థమైందా?

రెండో జబ్బు: హబ్. చల్లగా ఉన్న సిస్టం ఆన్ అయినప్పుడు బయాస్ యూఎస్‌బీని వెతికే టైము చాలా తక్కువ. హబ్ లేవాలి, దాని వెనక నాలుగు వస్తువులు ఒకదాని తర్వాత ఒకటి లేవాలి. పైగా వేలిముద్ర మెషిన్, స్కానర్ కూడా అదే పోర్టు కరెంటు తాగుతాయి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంప్స్, నీలం రంగు యూఎస్‌బీ 3 అయితే 900. దాన్ని నలుగురు పంచుకోవాలి. కీబోర్డ్ వంతు వచ్చేలోపు బయాస్ వెతకడం ఆపేస్తది. రెండోసారి ఆన్ చేసేసరికి హబ్ అప్పటికే మేలుకుని ఉంటది, దొరుకుతుంది.

బ్యాటరీ మార్చినా హబ్ జబ్బు అట్టే ఉంటది, కాకపోతే కనపడదు. ఏదో ఒకరోజు డెల్ కొట్టాల్సి వచ్చినప్పుడు బయటపడతది. కాబట్టి రెండూ చెయ్యి. కీబోర్డ్ ఒక్కటి తీసి బోర్డు వెనక నల్ల యూఎస్‌బీ 2 పోర్టులో నేరుగా గుచ్చు. మిగతావి హబ్‌లోనే ఉంచుకో.

మైపాడు_అల
రిపేరన్నా, నీలం పోర్టుదే తప్పని నేననుకుంటున్నా, హబ్‌ది కాదు. 8 సిరీస్ బోర్డుల్లో నీలం పోర్టులో కీబోర్డ్ బయాస్‌లో కనపడకపోవడం చూశాం గదా.

ట్రంకురోడ్డు_రిపేరు
కాదనను, ఆ అవకాశమూ ఉంది. హబ్ తీసి అదే నీలం పోర్టులో కీబోర్డ్ నేరుగా పెట్టి పొద్దున ఆన్ చేస్తే ఎవరిది కరెక్టో తేలిపోతది. కానీ ఆయన షాపు నడుపుకోవాలి, మన పందెం కోసం కాదు. వెనక నల్ల పోర్టుతో రెండూ తప్పుతాయి.

కావలి_జిరాక్స్
బ్యాటరీ నేను మార్చుకోగలనా, సిస్టం తేవాలా?

పొదిలి_పాతసామాను
చేతి గడియారంలో సెల్ మార్చడం కంటే తేలిక.

ప్లగ్గు పీకు, స్విచ్ ఆపడం కాదు. పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతది. పక్క డోరు రెండు స్క్రూలు. క్యాబినెట్ ఇనుప భాగం ఒకసారి తాకి తర్వాత చెయ్యి లోపల పెట్టు. రూపాయి బిళ్ళంత మెరిసే బ్యాటరీ, పక్కన చిన్న ఇనుప నాలుక ఉంటది, దాన్ని గోరుతో వెనక్కి నెడితే బ్యాటరీ పైకి లేస్తది. స్క్రూడ్రైవర్ పెట్టి బ్యాటరీ కింద నుంచి ఎత్తకు, సాకెట్ విరుగుద్ది. కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేట్టు.

మల్టీమీటర్ ఉంటే డీసీ 20 మీద పెట్టి పాతది చూడు. కొత్తది 3 వోల్టుల పైన చూపిస్తది. 2.7కి దిగితే మార్చాల్సిందే. కొనేటప్పుడు 2032 అనే చూసుకో. 2025 అని ఇస్తారు, అది మందం తక్కువ, వదులుగా కూర్చుని మళ్ళీ ఇదే పాట. 20 అంటే అడ్డం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2.

చీమకుర్తి_గెలాక్సీ
తీసే ముందు బయాస్ పేజీలన్నీ ఫొటో తీసుకోమని చెప్పరేంది? సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారితే విండోస్ నీలం స్క్రీన్ కొట్టుద్ది.

ట్రంకురోడ్డు_రిపేరు
మామూలుగా అయితే నువ్వు చెప్పింది నూటికి నూరు కరెక్టు. ఈయన బోర్డు మాత్రం రెండు వారాలుగా రోజూ అన్నీ మర్చిపోయి డీఫాల్ట్‌తోనే లేస్తాంది, విండోస్ వస్తాంది. అంటే డీఫాల్టే ఈయనకి సరిపోయింది. కొత్త బ్యాటరీ వేశాక లోపలికి పోయి తేదీ, టైము, ముందు బూట్ కావాల్సిన డిస్క్, ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’ ఎనేబుల్, ఈ మూడు చూసి ఎఫ్10తో సేవ్ చేస్తే చాలు.

డీటీపీ_అక్క
ఈ లెగసీ యూఎస్‌బీ అంటే ఏంది? దాన్ని డిసేబుల్ చేస్తే కీబోర్డ్ పూర్తిగా పోద్దా?

లైనక్స్_పిచ్చి
యూఎస్‌బీ కీబోర్డ్‌ని బయాస్ పాత కీబోర్డ్‌లా చూపించే సెట్టింగ్ అది. తీసేసినా విండోస్‌లో, లైనక్స్‌లో పోదక్కా, వాటికి సొంత డ్రైవర్ ఉంది. వాటికి ముందు పోవచ్చు. విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నవాళ్ళకి (డ్యూయల్ బూట్) ఏది కావాలో అడిగే గ్రబ్ మెనూలో బాణం కీలు పనిచెయ్యక, కొన్ని సెకన్ల తర్వాత తనకి నచ్చింది అది బూట్ చేసుకుంటది. గ్రబ్ పాడైందని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు చాలామంది, ఉత్త దండగ.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. ఆరో జనరేషన్ ఇంటెల్ బోర్డుల మీద విండోస్ 7 వేస్తే బయాస్‌లో కీబోర్డ్ బాగుంటది, ఇన్‌స్టాల్ స్క్రీన్ రాగానే కీబోర్డూ మౌసూ రెండూ ఫట్. ఆ చిప్‌సెట్లలో పాత ఈహెచ్‌సీఐ (యూఎస్‌బీ 2) కంట్రోలర్ తీసేశారు, విండోస్ 7 డీవీడీలో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ 3) డ్రైవర్ లేదు. పీఎస్2 (పాత గుండ్రటి పిన్నుల) కీబోర్డ్ ఉంటే దాంతో గట్టెక్కొచ్చు.

పొదిలి_పాతసామాను
పీఎస్2 మాట వచ్చింది గాబట్టి: సిస్టం నడుస్తుండగా పీకడం, పెట్టడం చెయ్యకండి. యూఎస్‌బీ లాంటిది కాదది. నాలుగో పిన్‌లో 5 వోల్టులు, మూడోది గ్రౌండు, ఒకటి డేటా, ఐదు క్లాకు, రెండూ ఆరూ ఖాళీ. వంకరగా గుచ్చితే షార్ట్ అయ్యి పోర్టు పక్కనున్న చిన్న ఫ్యూజు పోద్ది, తర్వాత ఏ కీబోర్డ్ పెట్టినా లైటు రాదు. మీటరుతో నాలుగో పిన్‌లో 5 వోల్టులు లేకపోతే ఫ్యూజే. ఊదారంగుది కీబోర్డ్, ఆకుపచ్చది మౌస్. సగం సగం రంగులుంటే ఏదైనా పెట్టొచ్చు.

డీటీపీ_అక్క
లాగిన్ దగ్గర కీబోర్డ్ ‘పనిచెయ్యదు’ అనే కేసుల్లో సగం కీబోర్డ్‌వి కావు. అవి కూడా ఇక్కడ ఉంటే మంచిది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వేసి, దాన్ని మొదటి భాషగా పెట్టి, వెల్‌కమ్ స్క్రీన్‌కి కూడా కాపీ చేసి ఉంటే పాస్‌వర్డ్ పెట్టెలో తెలుగు అక్షరాలు పడతాయి. చుక్కలే కనపడతాయి గాబట్టి తెలియదు, పాస్‌వర్డ్ తప్పంటది. కింద కుడి మూల భాష గుర్తు చూసి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది.

పిన్ అంకెలు పక్క ప్యాడ్‌తో కొట్టేవాళ్ళకి నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే ఒక్క చుక్క కూడా పడదు.

ఇంకోటి, కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ అవుతుంది. అప్పుడు కీని టక్కున కొడితే లెక్క చెయ్యదు, పట్టుకుంటేనే పడతది. మళ్ళీ కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుంటే పోతుంది. మోచెయ్యి ఆనించి ఫోన్ మాట్లాడేవాళ్ళ సిస్టంలలో ఇది ఎక్కువ.

ఉలవపాడు_సపోటా
అక్కా మా ఆఫీసులో పెద్దాయన మోచెయ్యి చూసే రాశావా

మైపాడు_అల
ల్యాప్‌టాప్ సంగతి ఎవరూ చెప్పలా. ఆన్ చెయ్యగానే ఆగకుండా బీప్, లేదా బయాస్ తనంతట తనే తెరుచుకోవడం. ఏం చెయ్యాలి?

ట్రంకురోడ్డు_రిపేరు
ఆగకుండా బీప్ అంటే చాలావరకు ఒక కీ లోపల అతుక్కుని ఉంటది. బయాస్ తెరుచుకుంటాందంటే అతుక్కున్నది ఎఫ్2నో, డెలో, మీ మోడల్‌కి బయాస్ కీ ఏదైతే అది. చాలాసార్లు టీ, కాఫీ ఒలికిన తర్వాతి వారం. లోపలి కీబోర్డ్ రిబ్బన్ కేబుల్ పీకి, బయట యూఎస్‌బీ కీబోర్డ్‌తో ఆన్ చెయ్యి. బీప్ పోతే కీబోర్డ్ మార్చాలి, బోర్డు బాగున్నట్టే. రిబ్బన్ తీసేటప్పుడు కనెక్టర్ మీద నల్ల రెప్ప ముందు పైకి లేపాలి. లేపకుండా లాగితే కీబోర్డ్‌తో పోయే ఖర్చు మదర్‌బోర్డ్ దాకా పోద్ది. బ్యాటరీ వైరు తీశాకే ఇదంతా.

కావలి_జిరాక్స్
చేశా. పాత బ్యాటరీ మీటర్లో 2.31. కొత్తది 3.2 చూపించింది. కీబోర్డ్ వెనక నల్ల పోర్టుకి మార్చా. రాత్రి మెయిన్ ఆపి పొద్దున వేస్తే ఎఫ్1 అడగకుండా నేరుగా విండోస్. లైట్లు మొదటిసారే మెరిసినయ్. డెల్ కొట్టి చూశా, బయాస్ తెరుచుకుంది. పోర్టల్ కూడా ఎర్ర గుర్తు లేకుండా వచ్చింది.

మైపాడు అన్నా, నీ పందెం కోసం ఇంకో రోజు హబ్ తీసి నీలం పోర్టులో నేరుగా పెట్టి ఆన్ చేశా. అందులోనూ మొదటిసారే పట్టింది.

మైపాడు_అల
ఓడిపోయా. హబ్‌దే.

ఒంగోలు_గిత్త
మరి ఆ టీ గ్లాసు?

కావలి_జిరాక్స్
స్కానర్ మీదకి మార్చా.

ట్రంకురోడ్డు_రిపేరు
దానికి ఇంకో థ్రెడ్ తెరువు.